విముక్తి తర్వాతి రోజు
(జోగిని వస్తువు – మన కథల ముగింపులు)

1

ఒక సాంఘిక సమస్యను వస్తువుగా స్వీకరించినంత మాత్రాన రచన ప్రగతిశీలమైపోదు. ఆ సమస్యను రచయిత ఎక్కడ ఎత్తుకున్నాడు, ఎక్కడ దించాడు అన్నదాన్ని బట్టి అతని దృక్పథం తేలుతుంది. ఎత్తుకోవడం గురించి మన విమర్శ చాలా మాట్లాడింది. దించడం గురించి మాత్రం తక్కువ మాట్లాడింది. ముగింపు ఆశావహంగా వుందా, నిరాశగా వుందా అన్న రెండు కొలతలతోనే ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాం. ముగింపు నిజమా కాదా, కథ ఆగిన చోట జీవితం కూడా ఆగిందా అన్న ప్రశ్న వేసుకోవలసినంత గట్టిగా వేసుకోలేదు.

ఈ వ్యాసంలో ఒక్క వస్తువును తీసుకొని ఆ ప్రశ్న వేస్తాను. అమ్ముడుపోయిన స్త్రీ, మోసపోయి పట్నం చేరిన స్త్రీ, దేవత పేరు మీద ఊరికి అప్పగించిన స్త్రీ. ఈమె మీద తెలుగులో వచ్చిన రచనలు తక్కువేమీ కావు. వాటిలో చాలా వాటికి ముగింపు ఒకటే: చెర తలుపు తెరుచుకుంటుంది. ఆమె బయటికి వస్తుంది. కథ అయిపోతుంది. ఆ మర్నాడు పొద్దున ఆమె ఎక్కడ లేస్తుంది, చేతులు వణుకుతుంటే ఏం చేస్తుంది, ఏ ఆఫీసుకు పోతుంది, అక్కడ గుమస్తా ఏ కాగితం అడుగుతాడు – ఇవి కథకు బయట మిగిలిపోతున్నాయి. సాహిత్యానికి ఇవి పనికిరాని వివరాలని మనం అనుకుంటున్నాం. అసలు పోరాటం మొదలయ్యేది వీటిలోనే అని నా వాదన.

2

మొదట గురజాడ దగ్గరికి వెళ్దాం. 1897లో అచ్చయి, 1909లో పెంచి రాసిన రూపంలో మనకు అందిన కన్యాశుల్కం చివర ఇద్దరు స్త్రీల భవిష్యత్తు సౌజన్యారావు పంతులు చేతిలోకి వస్తుంది. బుచ్చమ్మ వితంతువు. ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు జరుగుతుంది. మధురవాణి వేశ్య. ఆమెకు దక్కింది భగవద్గీత. ఈ తేడాను మనం పాత్రచిత్రణ పరంగా ఎన్నోసార్లు చర్చించాం. మధురవాణి తెలివినీ, సౌజన్యారావు ఆదర్శంలోని ఇరుకునూ ఎత్తి చూపాం. కానీ దీన్ని సంస్థల చరిత్రగా చదవలేదు. అగ్రవర్ణ వితంతువుకు ఆ రోజుల్లో ఒక ఇల్లు, ఒక చదువు, ఒక చిరునామా తయారవుతున్నాయి. వృత్తిలో వున్న స్త్రీకి నీతి బోధ తప్ప మరొక ఏర్పాటు సంస్కర్త ఊహలోకే రాలేదు. గురజాడ గొప్పతనం ఏమిటంటే ఆ ఖాళీని కప్పిపెట్టలేదు. మధురవాణికి పెళ్ళి చేసో, చంపో కథను చక్కబెట్టలేదు. ఆమెను ఆ ఖాళీలోనే నిలబెట్టి తెర దించాడు.

ఆ ఖాళీని తర్వాతి తరాల రచయితలు పూడ్చాలని చూశారు. మూడు రకాలుగా పూడ్చారు. మొదటిది సంస్కర్త ముగింపు: ఆమెకు పెళ్ళి. మెడలో తాళి పడితే సమస్య తీరిందని భావన. రెండవది కన్నీటి ముగింపు: ఆమె చావు, లేదా చావు అంచు నుంచి ఎవరో కాపాడడం. మూడవది ధిక్కార ముగింపు: గజ్జెలు తెంచి పారేసి, దొర ముఖాన ఉమ్మేసి నడిచిపోవడం. మూడవది మన శిబిరానిది. మొదటి రెండింటి కంటే అది మేలైనదే, సందేహం లేదు. అయితే ఈ మూడింటికీ ఒక ఉమ్మడి లక్షణం వుంది. మూడింటికీ మర్నాడు లేదు.

ఈ మధ్య కాలంలో ఈ వస్తువుతో వచ్చిన సినిమాల్లో చెప్పుకోదగినది, 2013 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన ‘నా బంగారు తల్లి’. ఊళ్ళో పెద్దమనిషిగా చలామణీ అయ్యే తండ్రే ఆడపిల్లలను అమ్మే దళారీ అన్న సత్యం అందులో ప్రేక్షకుడి గుండెల మీద కొట్టే దెబ్బ. వ్యాపారం చేసే వాడు ఎక్కడో చీకట్లో వుండడు, మన ఇంట్లోనే వుంటాడని చెప్పడం దాని బలం. కానీ దాని నాటకీయత అంతా పట్టుబడడం, తప్పించుకోవడం చుట్టూ అల్లుకున్నదే.

3

ఇక మన ప్రాంతానికి వద్దాం. పాత నిజామాబాద్ జిల్లా – అందులోంచి 2016 అక్టోబరులో విడివడిన కామారెడ్డి జిల్లా – జోగిని ఆచారానికి పేరుపడిన నేల. బళ్ళారి, అనంతపురం వైపు బసివి, చిత్తూరు వైపు మాతమ్మ, ఇక్కడ జోగిని. పేరు మారినా పద్ధతి ఒకటే. పోచమ్మకో ఎల్లమ్మకో పిల్లను వదులుతారు. ఆ పిల్ల దాదాపు ఎప్పుడూ మాల, మాదిగ ఇంటి పిల్లే. దేవత భార్య అంటారు గానీ, ఆమె మీద హక్కు మాత్రం భూమి వున్నవాడిది. జాతరలో ఆడాలి, శవం ముందు ఆడాలి. ఊరి పండుగకు ఆమె కావాలి, ఊరి పంక్తిలో ఆమె అక్కరలేదు. భూమి లేని కులాల శ్రమతో పాటు వాళ్ళ ఆడపిల్లల శరీరం మీద కూడా భూస్వామికి హక్కు వుందని చెప్పడానికి దేవతను సాక్షిగా నిలబెట్టిన ఏర్పాటు ఇది.

ఈ ఏర్పాటు ఊరి పొలిమేర దగ్గర ఆగిపోలేదు. బొంబాయిలోని కామాటిపురకు ఆ పేరు వచ్చిందే నిజాం ఇలాకా నుంచి కూలికి వెళ్ళిన తెలుగు కామాటీల వల్ల. సికింద్రాబాదు నుంచి కామారెడ్డి, నిజామాబాదుల మీదుగా మన్మాడు పోయే రైలు మార్గం ఇరవయ్యో శతాబ్ది మొదట్లో పడింది. కూలివాణ్ణి మోసిన రైలే, ఊరు వాడుకొని వదిలేసిన పిల్లనూ మోసింది. ఆచారం అన్న పేరుతో ఊళ్ళో మొదలైంది నగరంలో వ్యాపారమైంది. కనుక జోగిని సమస్య వేరు, మనుషుల అక్రమ రవాణా వేరు అని గీత గీసేవాళ్ళు ఆ రైలు మార్గాన్ని ఒకసారి చూడాలి.

చట్టాల వరస కూడా చూద్దాం. 1947లో మద్రాసు రాష్ట్రం చేసిన దేవదాసీ చట్టం నిజాం ఏలుబడిలోని ఈ జిల్లాలకు వర్తించేది కాదు. మొత్తం రాష్ట్రానికి చట్టం రావడానికి 1988 దాకా ఆగవలసి వచ్చింది. 1990లో విశాల్ జీత్ కేసులో సుప్రీంకోర్టు దేవదాసీ, జోగిని ఆచారాలను పేరు పెట్టి ప్రస్తావించి, శిక్షతో పాటు పునరావాసం గురించి కూడా ప్రభుత్వాలకు చెప్పింది. 2013లో శిక్షాస్మృతి 370వ సెక్షన్ మారింది. బలప్రయోగమే కాదు, అధికార దుర్వినియోగం, ఆశ చూపడం కూడా మనిషిని రవాణా చేసే మార్గాలేనని అది గుర్తించింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 143వ సెక్షన్ అయింది. కాగితం మీద కొరత లేదు.

కాగితం బయట పని చేసిన వాళ్ళను మరిచిపోకూడదు. జాషువా కుమార్తె హేమలతా లవణం, గోరా కుమారుడు లవణం కలిసి నడిపిన సంస్కార్ సంస్థ 1980లలో ఈ జిల్లాలో జోగినుల మధ్య పనికి దిగింది. వర్ని కేంద్రంగా ఆ పని సాగింది. ఆ సంస్థలో పనిచేసిన అనుభవంతోనే శాంతి ప్రబోధ ‘జోగిని’ నవల రాశారు. తెలుగులో ఈ వస్తువును ఈ నేల మీద నిలబడి నవలగా రాసిన గౌరవం ఆమెది. గోగు శ్యామల కథల్లో ఒకటి, బిడ్డను జోగినిగా వదలడానికి ఒప్పుకోని తండ్రి గురించి. బిడ్డను హాస్టలులో చేర్చడం, దానికి ఊరి పెత్తందారు పగ తీర్చుకోవడం ఆ కథలో వుంది. ఆ కథ నాకు ముఖ్యమైనదిగా కనిపించడానికి కారణం వుంది. అందులో విముక్తికి ఒక తలుపు వుంది, ఆ తలుపు సాంఘిక సంక్షేమ హాస్టలుది. ఆ తలుపు తట్టినందుకు చెల్లించవలసిన ధర కూడా వుంది. అంటే ఒక ప్రభుత్వ సంస్థ కథలో పాత్రగా మారింది. మనకు కావలసింది ఈ దిశలో మరి కొన్ని అడుగులు.

4

అడుగు వేయాలంటే, మనం ఇంతవరకు కథల్లోకి రానివ్వని ఒక వస్తువును రానివ్వాలి. అది కల్లు సీసా.

ముందే ఒక మాట. కల్లు తాగడం నేరమనీ, కల్లు తాగే కులాలు తక్కువవనీ అనే పెద్దకులాల నీతిని నేను ఇక్కడ తలకెత్తుకోవడం లేదు. తెలంగాణ పల్లెలో కల్లు ఆడా మగా కలిసి తాగే పానీయం. పండుగకూ, పురుడుకూ, చావుకూ వుంటుంది. చెట్టెక్కే గీత కార్మికుడి ప్రాణం మోకు మీద వేలాడుతుంది. అతని శ్రమ గౌరవించవలసింది. నేను మాట్లాడేది చెట్టు నుంచి రాని కల్లు గురించి. తాటిచెట్లూ ఈతచెట్లూ ఇచ్చే దానికంటే డిపోల్లో అమ్మేది చాలా ఎక్కువైనప్పుడు, ఆ తేడా నీళ్ళతో, శాకరిన్‌తో, మత్తుమందుతో పూడుతుంది. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలం – ఈ మూడు పేర్లు మన పల్లెల్లో చదువురాని వాళ్ళకు కూడా తెలిసిపోయాయి. దాన్ని మందుకల్లు అంటారు. మందు పడితేనే నిద్ర, మందు పడితేనే మర్నాడు పని. ముస్తేదారుకు ఇంతకంటే నమ్మకమైన ఖాతాదారు ఎక్కడ దొరుకుతాడు?

ఈ మత్తు స్వభావం ఏమిటో 2015 సెప్టెంబరులో అందరికీ తెలిసింది. దాడులతో కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోయింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల ఆస్పత్రులకు జనం బారులు తీరారు. నిద్ర లేదు, ఒళ్ళంతా వణుకు, మెడలు వంకర్లు పోవడం, ఫిట్స్, లేనివి కనిపించడం. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దాకా తరలించవలసి వచ్చింది. పదేళ్ళు గడిచినా మారలేదు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లాలోనే నస్రుల్లాబాద్, బీర్కూరు మండలాల ఊళ్ళలో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. ఆల్ప్రజోలం జాతి మందులను అలవాటైన శరీరానికి ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. వైద్యుడి చేతి కింద వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి మోతాదు కొంచెం కొంచెంగా దించుకుంటూ రావాలి. ఇది వైద్యశాస్త్రం చెప్పే సాధారణ సత్యం. మానెయ్యమని చెప్పే ఉపదేశం ఇక్కడ పనికిరాకపోవడమే కాదు, హాని చేస్తుంది.

ఇప్పుడు జోగినిని ఈ చిత్రంలో నిలబెట్టండి. జాతరలో రాత్రంతా ఆడవలసిన పిల్లకు సీసా అందించేది ఆ జాతరే. ఇష్టం లేని మనిషిని భరించవలసిన రాత్రికి మత్తు అవసరమయ్యేది ఆ రాత్రి వల్లే. పట్నంలో అమ్ముడుపోయిన పిల్లను లొంగదీసుకోవడానికి తాగుడు ఒక పనిముట్టు. మత్తు ఆమె దుర్గుణం కాదు, ఆమె మీద జరిగిన దోపిడీలో ఒక భాగం. దోపిడీ ఆగిన రోజున మత్తు ఆగదు. తాళం తీసినంత సులువుగా శరీరాన్ని విడిపించడం కుదరదు.

5

మరి ఆ శరీరం ఎక్కడికి పోవాలి? ఇక్కడే కామారెడ్డి, ఎల్లారెడ్డిల మధ్య తేడా చూడాలి. కామారెడ్డికి రైలుంది, హైదరాబాదు పోయే జాతీయ రహదారి వుంది, కలెక్టరాఫీసు వుంది, పెద్దాస్పత్రి వుంది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజను కేంద్రమే, కానీ రైలు లేదు. నాగిరెడ్డిపేట, లింగంపేట వైపు ఊళ్ళ నుంచి, తండాల నుంచి ఒక కూలి మనిషి ముందు బస్సు దొరికే ఊరికి రావాలి, అక్కడి నుంచి కామారెడ్డి, అక్కడా కుదరకపోతే హైదరాబాదు. ఒక్కో మెట్టుకు ఒక రోజు కూలి పోతుంది. బీడీలు చుట్టే మనిషికి ఆ రోజు ఆకు, తంబాకు లెక్క పోతుంది. చికిత్సకు ఒక్కసారి వెళ్తే చాలదు. మోతాదు తగ్గించడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. డిపో మాత్రం నడిచి వెళ్ళే దూరంలో వుంటుంది.

దూరం ఒక అడ్డంకి. తలుపుల అమరిక మరొకటి. వైద్యం ఒక శాఖది, ఆశ్రయం మరొక శాఖది. మత్తు మాన్పించే చోట్లు మగవాణ్ణి దృష్టిలో పెట్టుకొని నడుస్తాయి. రోగి వెంట ఇంటి మనిషి వుండాలంటాయి. ఇల్లే ఆమెను వదిలిందన్న సంగతి ఆ నిబంధన రాసిన వాడికి తట్టలేదు. ఆశ్రయమిచ్చే చోట తాగే మనిషిని చేర్చుకోవడానికి జంకు. వైద్యం అయ్యాక రమ్మని ఆశ్రయం అంటుంది, ఆశ్రయం చూపించి రమ్మని వైద్యం అంటుంది. ఆపదలో వున్న స్త్రీల కోసం పెట్టిన సఖి కేంద్రంలో మార్గదర్శకాల ప్రకారం వుండనిచ్చేది అయిదు రోజులు. మందుకల్లు మత్తు దిగడానికి పట్టేది వారాలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఆరో రోజున ఆమె ఎక్కడికి పోతుందో ఊహించడానికి గొప్ప కల్పనాశక్తి అక్కరలేదు.

చట్టం ఇంత గుడ్డిది కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే స్థితిని కూడా మానసిక అస్వస్థత నిర్వచనంలో చేర్చింది. ప్రభుత్వ ఖర్చుతో వైద్యం పొందడం హక్కు అన్నది. మూడేళ్ళలోపు బిడ్డను చికిత్స పొందే తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదన్నది. కానీ దేశమంతటి మీద జరిగి 2019లో వెలువడిన సర్వే ఏం చెప్పింది? మద్యానికి బానిసలైన వాళ్ళలో ఏదో ఒక చికిత్స అందుతున్నది 38 మందిలో ఒక్కరికి. ఇది ఆడా మగా అందరినీ కలిపిన లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో మద్యం తాగేవాళ్ళు దేశంలో వందకు 1.3 అయితే తెలంగాణలో 6.7. అంటే తాగే స్త్రీల నిష్పత్తి ఇక్కడ దేశపు సగటుకు అయిదు రెట్లు. ఆ లెక్కన పడకలు ఎక్కడ?

ఇక సంక్షేమం సంగతి. బాధితురాలిగా గుర్తింపు పొందాలంటే సాధారణంగా ఒక దాడి జరగాలి, ఒక కేసు నమోదు కావాలి, ఆమెను కాపాడినట్టు కాగితం వుండాలి. వెట్టి నుంచి విముక్తులైన వారికి 2016లో సవరించిన కేంద్ర పథకం, రవాణాకూ లైంగిక దోపిడీకీ గురైన వారికి 3 లక్షల దాకా సాయం ప్రకటించింది. మంచిదే. కానీ పూర్తి మొత్తాన్ని నిందితుడికి శిక్ష పడడంతో ముడిపెట్టింది. ఎల్లారెడ్డి పక్కన తన గుడిసెలోనే వుంటూ నడివయసు దాటిన జోగిని మీద ఏ పోలీసులూ దాడి చేయరు. ఆమెను ఎవరూ ‘కాపాడలేదు’. కనుక ఆమె ఏ లెక్కలోనూ బాధితురాలు కాదు. 2017లో ఒంటరి స్త్రీలకు పింఛను వచ్చింది. మొగుడు వదిలేసిన స్త్రీ, పెళ్ళి కాని స్త్రీ అన్న గడుల్లో ఈమె ఎక్కడ కూర్చోవాలి? దేవతకు పెళ్ళయిందని ఊరంటుంది, పెళ్ళే కాలేదని చట్టం అంటుంది. ఆమె పిల్లల సంగతి బడి పంతుళ్ళందరికీ తెలుసు. చేరిక రిజిస్టరులో తండ్రి పేరు గడి దగ్గర కలం ఆగుతుంది. పెళ్ళికాని తల్లి తండ్రి పేరు చెప్పనవసరం లేదని 2015లో సుప్రీంకోర్టు ఒక గార్డియన్‌షిప్ కేసులో చెప్పింది. వృత్తిలో వున్న స్త్రీలకు చిరునామా రుజువు లేకుండానే ఆధార్ ఇవ్వాలని 2022 మేలో చెప్పింది. ఆ తీర్పులు ఢిల్లీ నుంచి తహసీలు ఆఫీసు కిటికీ దాకా నడిచి రావాలి. అవి నడవవు, ఎవరో నడిపించాలి.

6

ఇప్పుడు సాహిత్యానికి తిరిగి వద్దాం. నిజానికి సాహిత్యం నుంచి మనం దూరం పోలేదు.

ప్రభుత్వం సాయానికి షరతుగా పెట్టిన దృశ్యం ఏది? తలుపు బద్దలుకొట్టి ఆమెను బయటికి తెచ్చే దృశ్యం. మన కథలు ముగింపుగా పెట్టుకున్న దృశ్యం ఏది? అదే. పాలకుల దస్త్రమూ, మన కథా ఒకే మలుపు మీద ఆధారపడి వున్నాయి. ఆ దృశ్యం వున్న స్త్రీకి దస్త్రంలో చోటుంది, కథలో చోటుంది. ఆ దృశ్యం లేని స్త్రీకి రెండు చోట్లా చోటు లేదు. ఈ పోలిక మనల్ని ఇబ్బంది పెట్టాలి. మనం విమర్శించే వ్యవస్థ కథనాన్నే మనం మన శిల్పంగా వాడుకుంటున్నామని దీని అర్థం.

రెండవ సంగతి ఇంకా ఇబ్బందికరమైనది. 1991–92లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా నడిచింది. ఆ పోరాటం చుట్టూ వచ్చిన పాటల్లో, కథల్లో స్త్రీ ఎవరు? తాగుబోతు భార్య. తాగుబోతు తల్లి. సీసా పగలగొట్టిన చెయ్యి ఆమెది. ఆ చిత్రం న్యాయమైనది, పోరాటం ఇచ్చిన చిత్రం. కానీ తాగే స్త్రీ ఆ సాహిత్యంలో దాదాపు కనిపించదు. ఎక్కడన్నా కనిపిస్తే నవ్వు పుట్టించడానికి, లేదంటే ఆమె పతనానికి గుర్తుగా కనిపిస్తుంది. మద్యం వల్ల బాధపడే స్త్రీకి మన సానుభూతి వుంది. మద్యంలో చిక్కుకున్న స్త్రీకి మన సాహిత్యంలో పాత్ర లేదు.

ఎందుకు లేదు? మన కథాశిల్పం చైతన్యం కలిగే క్షణం మీద నిలబడి వుంది కనుక. పాత్రకు కళ్ళు తెరుచుకుంటాయి. తెరుచుకున్న కళ్ళు మళ్ళీ మూతపడవు. మూతపడితే రచయిత చైతన్యమే లోపభూయిష్టమన్న అనుమానం వస్తుంది. మత్తు నుంచి బయటపడే మనిషి నడక ఇలా వుండదు. నాలుగడుగులు ముందుకు, రెండు వెనక్కి. పది రోజులు మానేసి పదకొండో రోజు మళ్ళీ తాగుతుంది. ఇది జబ్బు లక్షణమని వైద్యులు ఏనాడో చెప్పారు. మనం మాత్రం దాన్ని శీలం లోపంగానో, రాజకీయ వెనుకబాటుగానో చదువుతాం. దొర పొలంలో జెండా పాతిన జోగిని, మర్నాడు సాయంత్రం కల్లు డిపో ముందు నిలబడడం మన కథలో సాధ్యమా? ఆ రెండూ ఒకే మనిషి చేయగలదని, రెండోది మొదటిదాన్ని రద్దు చేయదని చెప్పగల కథ మనకు కావాలి. దాన్ని నేను నిరాశావాదం అనను. వాస్తవికత అంటాను.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: పడకలు, పింఛన్లు, ఫారాలు – ఇదంతా సంస్కరణవాదం. భూమి సంబంధాలు మారకుండా ఈ అతుకుల వల్ల ఒరిగేదేమిటి? భూమి ప్రశ్నను ఎవరూ పక్కకు నెట్టడం లేదు. జోగినికి ఎకరం భూమి వుంటే దొర గడప తొక్కే అవసరం వుండేది కాదు. కానీ ఫిట్స్ వచ్చి పడిపోయిన మనిషి భూసంబంధాలు మారేదాకా ఆగలేదు. ఆమె బతికి వుంటేనే ఆ మార్పు కోసం పోరాడుతుంది. పైగా పడక కోసం, పింఛను కోసం నిలబడిన చోట ఎదురయ్యేది కూడా ఆ పెత్తనమే – ఊరి పెద్ద సంతకం, ఆఫీసు చిరాకు, ముస్తేదారు బంధువు పలుకుబడి. వర్గ సంబంధాలు పొలంలో ఎంత కనిపిస్తాయో ఔట్‌పేషెంట్ వరసలో అంత కనిపిస్తాయి. చూసే కన్ను కావాలి.

రెండవ అభ్యంతరం బరువైనది. దళిత స్త్రీ తాగుతుందని రాయడం, ఆమె మీద వున్న నిందకు మరో సాక్ష్యం ఇవ్వడం కాదా? ఈ మాట అనే హక్కు ఆ స్త్రీలకు వుంది, మనం వినాలి. నింద భయంతో రాయకపోతే లాభపడేది ఎవరు అని కూడా అడగాలి. మత్తుమందు కలిపినవాడు లాభపడతాడు. పడక వేయని ఆస్పత్రి లాభపడుతుంది. నింద రాయడంలో లేదు, రాసే తీరులో వుంది. సీసాలో మందు ఎవరు కలిపారో, ఆ సీసా ఆమె చేతికి మొదటిసారి ఎవరు ఇచ్చారో చెప్పకుండా తాగుడును మాత్రమే చూపిస్తే అది నిందే. ఆ రెండూ చెబితే అది నేరారోపణ, వేలు ఎటు చూపాలో అటే చూపుతుంది. ఈ కథలు ఆ కులాల నుంచి, ఆ ఇళ్ళ నుంచి చదువుకొని వచ్చిన పిల్లలు రాస్తే మరీ మంచిది. జోగినుల పిల్లల స్థితిగతుల మీద ఉమ్మడి రాష్ట్రంలో రఘునాథరావు ఏకసభ్య కమిషన్ వేశారు. ఆ పిల్లలు ఇవాళ ప్రభుత్వ నివేదికలో విషయం మాత్రమే కాదు, కలం పట్టగల తరం.

మన రచయితలను నేను కోరేది చిన్న పని. విముక్తితో కథను ముగించవద్దు, అక్కడ మొదలుపెట్టండి. ఎల్లారెడ్డి బస్టాండులో పొద్దున మొదటి బస్సు కోసం నిలబడ్డ స్త్రీని చూడండి. ఆమె కొంగుకు కట్టుకున్న చీటీ ఏ ఆస్పత్రిదో, దాని మీద ఎన్నోసారి రమ్మని రాశారో చదవండి. ఆమె వెంట ఎవరూ లేరని చీటీ రాసే మనిషి విసుక్కున్నప్పుడు ఆమె ఏం చెప్పిందో వినండి. ఆమె మళ్ళీ తాగిన రోజున కూడా కథ ఆపవద్దు. ఆ తర్వాత మళ్ళీ బస్సెక్కిన రోజు దాకా నడవండి. మధురవాణిని గురజాడ ఒక ఖాళీలో నిలబెట్టి వెళ్ళి వందేళ్ళు దాటింది. ఆ ఖాళీలోకి ఒక పడక, ఒక గది, ఒక రేషను కార్డు ఇంకా రావలసే వుంది. అవి రాలేదన్న సంగతిని ముందుగా కథ చెప్పాలి.